కల్లూరులో జాజ్ పాట, పెద్దమ్మ శోకం

బెంగళూరులో సోల్, జాజ్ లాంటి విదేశీ పాటలు పాడుతూ ఇప్పుడిప్పుడే పేరు తెచ్చుకుంటున్న మా కడప పిల్ల కర్నూలుకు వచ్చి పాడుతోందంటే, వేంపల్లె నుంచి వచ్చిన మా పెద్దమ్మను కూడా వెంటబెట్టుకుని కర్నూలును ఆనుకునే ఉన్న కల్లూరులోని ఫంక్షన్ హాలుకు వెళ్లాను. అన్నీ ఇంగ్లీషు పాటలే. పెద్దమ్మ కునికిపాట్లు పడుతోంది. అనవసరంగా తీసుకొచ్చానని నా మీద నాకే చిరాకేసింది.

ఒక పాట మధ్యలో వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. మాటలు కూడా లేవు. ఆ అమ్మాయి కళ్లు మూసుకుని గొంతు పైకి లాగి, వణికించి, కిందికి జార్చింది.

పెద్దమ్మ ఉలిక్కిపడి లేచింది. కొంగు తలమీదికి లాక్కుని, గుండెలు బాదుకుంటూ శోకం ఎత్తుకుంది! చావింట్లో ఒక ఆడమనిషి శోకం తీస్తే పక్కనున్న ఆడవాళ్లు అందుకోవడం మా వైపు ఆనవాయితీ. కానీ ఇది చావిల్లు కాదే! హాలంతా మా వైపు తిరిగింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కిందికి లాగాను.

"కూర్చో పెద్దమ్మా, అది పాట!"

"పాటేందిరా? ఆ బిడ్డ ఒక్కతే ఏడుస్తాండాది, కనపడ్లేదా నీకు?"

ఆ అమ్మాయి పాట ఆపేసింది. స్టేజీ దిగి నేరుగా మా దగ్గరికే వచ్చింది. తిడుతుందనుకున్నాను.

పెద్దమ్మ ఆమె గడ్డం పట్టుకుంది. "ఎవురు పోయినారు తల్లీ?"

"మా అవ్వ. నేను వచ్చేతలికే మట్టి చేసేసినారు."

పెద్దమ్మ మళ్లీ శోకం ఎత్తుకుంది. ఈసారి ఆ పిల్ల అందుకుంది.