ఆరు ఖాళీ డబ్బాల బ్యానర్

నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే మా వదిన ఇప్పటికీ వంటింట్లోంచే నవ్వుతుంది. నిండు జాతరలో జనం మధ్య మా ఇంటి పరువు ఎలా తీశానో చెబుతాను, మీరూ నవ్వుకోండి. నేనేమీ అనుకోను, అలవాటైపోయింది.

అప్పుడు పటాన్‌చెరులో ఒక కంపెనీలో స్టోర్ గుమస్తాని. కంప్యూటర్ కొత్తగా నేర్చుకున్నాను, దాన్ని కనిపెట్టిందే నేనన్నంత పొగరు. బీరంగూడలో మా ఇంట్లో వదిన మిషన్ మీద లూడో గుడ్డలు కుట్టేది. రంగురంగుల గళ్లు, అంచుకు చిన్న జేబు, అందులో కాయలూ పాచికా. షిఫ్టుకు పోయేవాళ్లు మడిచి టిఫిన్ సంచిలో పెట్టుకుని కంపెనీ బస్సులో ఆడుకోవచ్చు. ఎంత ముద్దుగా ఉండేవో! అన్న మాత్రం, "జాతరల అమ్ముడుపోకుంటె మిషన్ అటకెక్కిస్త" అని తేల్చేశాడు.

జాతర జరిగే గుట్ట కింద దుకాణం పెట్టాలి, దానికో బ్యానర్ కావాలి. ఆ పని నాది.

"పాచికల బొమ్మ గీయనీకి ఎవరినన్న పిలుద్దామా, శీనూ?" అంది వదిన.

"బొమ్మెందుకు వదినా? కంప్యూటర్ల పాచిక అక్షరమే ఉన్నది!"

"అక్షరమా? మా బడిల చెప్పలేదే!"

చూపించాను. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉన్నట్టే పాచిక ఆరు ముఖాలకూ వరుసగా ఆరు నంబర్లున్నాయి. 2680 కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కగానే నంబరు మాయమై ఒంటి చుక్క పాచిక కూర్చుంది. 2685కి ఆరు చుక్కలు. ఎవరో మహానుభావులు ప్రపంచంలోని అక్షరాలన్నిటికీ నంబర్లిస్తూ ఆటలాడుకునే పాచికను కూడా మరచిపోలేదంటే, నాకు నిజంగా చేతులెత్తి మొక్కాలనిపించింది.

"అబ్బ! గమ్మతున్నదిర!" అంది వదిన. నేను నేల మీద లేను.

ఫైలు సీడీలో వేసి హైవే పక్కన ప్రింటింగ్ షాపులో ఇచ్చాను. "ఉన్నదున్నట్టు కొట్టు. ఒక్క అక్షరం ముట్టకు" అని హుకుం జారీ చేశాను. సాయంత్రం షాపతను ఫోన్ చేశాడు.

"అన్నా, కింద డబ్బాలొస్తున్నయే?"

"ఎన్ని?"

"ఆరు."

"ఆరే రావాలె! పాచికలంటే డబ్బాల లెక్కనే ఉంటయ్. జల్దీ కొట్టు."

ఫైల్లో వెళ్లేది నంబరేననీ, దానికి రూపమిచ్చేది ఫాంటనీ, నేను నెట్ సెంటర్లో దించుకున్న ఆ ఫాంటు నా కంప్యూటర్లోనే హాయిగా కూర్చుందనీ, అది లేని షాపు కంప్యూటర్ ఒక్కో పాచికకూ ఒక ఖాళీ డబ్బా చూపిస్తోందనీ ఈ మహాజ్ఞానికి తట్టలేదు.

జాతర పొద్దున బ్యానర్ విప్పాం. "లూడో గుడ్డలు" అని పెద్దగా ఉంది, కింద ఆరు ఖాళీ డబ్బాలు.

"ఏందిర ఇది?" అన్నాడు అన్న. "ఫొటోలు అంటించాల్నా?"

నాకు మిషన్ అటకెక్కడం కళ్ల ముందు కనిపించింది. వదిన మాత్రం ఒక్క క్షణం చూసి, పక్క గాజుల దుకాణంలో బొట్టుబిళ్లల పాకెట్లు కొనుక్కొచ్చింది. ఎర్రటి పెద్ద బిళ్లలు. మొదటి డబ్బాలో ఒకటి, రెండోదాంట్లో రెండు, అలా ఆరోదాకా అంటించేసింది. ఎండకు తళతళ మెరిశాయి.

"అక్కా, సూడు సూడు, బొట్టువెట్టిన పాచికలు!" అంటూ ఆడవాళ్లు మూగారు. మూగినవాళ్లు గుడ్డలు విప్పి చూశారు, చూసినవాళ్లు కొన్నారు. మధ్యాహ్నానికి సంచులన్నీ ఖాళీ. ఆ బుర్రకు మొక్కాలో, ఆ చేతులకు మొక్కాలో తెలియలేదు నాకు. అన్న మిషన్‌కు నూనె కొనడానికి వెళ్లాడు.

మరుసటి ఏడు వదినే అడిగింది: "శీనూ, అసుంటి బ్యానరే ఇంకోటి కొట్టియ్యి."

నా పరువు నిలబెట్టుకునే అవకాశం! ఈసారి ఫాంటు కూడా సీడీలో వేసుకెళ్లాను, షాపతని పక్కనే కూర్చున్నాను. ఆరు పాచికలూ చుక్కలతో సహా దివ్యంగా అచ్చయ్యాయి. గర్వంగా విప్పి చూపించాను. వదిన నెత్తి కొట్టుకుంది.

"ఓరి నీ! చుక్కలెందుకు వెట్టినవ్ర? ఇగ బొట్లు యాడ అంటించాలె?"

అందుచేత సకల అక్షరాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: మా వదిన అడిగితే తప్ప, ఈ జన్మలో ఏ బ్యానర్‌నూ సరిగ్గా కొట్టించను.