మబ్బుల తెలుపును నమ్మిన సార్

మొన్న సోమవారం పొద్దున దుకాణం షట్టరు ఎత్తుతుంటే దవాఖాన నుంచి మనిషి వచ్చి, మా మేడమీద అద్దెకున్న ఫిజిక్స్ సార్ పోయారని చెప్పాడు. ముందురోజు నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు, "రేపొచ్చేటప్పుడు ఒక సోడా పట్టుకరా సేటూ" అన్నారు. అదే ఆయన నన్నడిగిన చివరి మాట.

నేను వరంగల్ బజారులో బట్టల వ్యాపారిని. డెబ్బైల మొదట్లో సార్ ఒక ట్రంకు పెట్టెతో మా మేడమీద గదిలో దిగారు. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఉన్న ఒక్క చెల్లెలూ ఆయన కన్నా ముందే పోయింది. సాయంత్రం కిందికి వచ్చి దుకాణంలో పరుపు అంచున కూర్చునేవారు. "మంచిగ ఆనుకోండ్రి సార్" అన్నా ఏనాడూ దిండుకు ఆనుకోలేదు. పది నిమిషాలకే లేచి, "నీ గిరాకీ చెడగొట్టను" అని వెళ్ళిపోయేవారు.

రిటైరయ్యాక ఆయనకు హైదరాబాదు నుంచి లావుపాటి పార్సిళ్ళు రావడం మొదలైంది. అక్కడ ఒక ఆఫీసులో పనిచేసే పాత విద్యార్థి పంపేవాడు. విప్పితే అన్నీ అంకెలే. ఉపగ్రహంలోని కెమెరా తీసిన బొమ్మలను కంప్యూటరు అలా అంకెలుగా అచ్చువేస్తుందట. ఏ చోటు ఎంత వెలుగుగా ఉందో ఆ అంకె చెబుతుంది. మబ్బు కమ్మి భూమి కనిపించనివి ఆఫీసులో పారేస్తారు. సార్ అడిగి తెప్పించుకున్నవి అవే.

"పారేసే మబ్బులతోని మీకేం పని సార్?" అన్నాను.

"పైకి పోయిన కెమెరాను కిందికి దించి పరీక్ష చెయ్యలేం గద సేటూ. దాని చూపు మందగిస్తే ఎట్ల తెలుస్తది? ఎప్పటికీ మారని తెలుపు ఒకటి దానికి చూపెట్టాలె."

"మబ్బు మారకుంట ఉంటదా?"

"ఒక్క మబ్బును నమ్మద్దు. వానకాలంల ఎత్తుగ లేసే దట్టమైన మబ్బులు కిందున్న మనకు నల్లగ కనబడ్తయి. పైనుంచి చూస్తే తెల్లగ మెరుస్తయి. అసొంటివి వందలు కలిపి చూస్తే, ఆ తెలుపు ఏటేటా ఒక్కతీరే ఉంటది."

కొన్ని అంకెలను ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవారు. "ఇక్కడ వెలుగు ఎక్కువై కెమెరాకు కండ్లు చెదిరినయి. దీని మాట పనికిరాదు" అనేవారు.

ఆ పని ఊసుపోకకు కాదని తరవాత తెలిసింది. నెక్కొండ చుట్టుపక్కల పల్లెల్లో పైర్లు ఏటికేడు పలచబడుతున్నాయని ఆ బొమ్మలను బట్టి ఎవరో రిపోర్టు రాశారు. అది ఖాయమైతే ఆ భూములను పనికిరానివాటి కింద జమకట్టి, రావలసిన కాలువను ఆపేస్తారని సార్ భయం. ప్యాసింజరు ఎక్కి వెళ్ళి, రోజంతా గట్ల వెంట తిరిగి వచ్చారు. చెప్పులనిండా బురద. "మక్కచేను మనిషెత్తున్నది సేటూ! మబ్బుల తెలుపు గూడ అంతే తగ్గి కనబడ్తాంది. భూమికేం కాలే. కెమెరా చూపే తగ్గింది."

ఆ మాట ఆఫీసువాళ్ళకు చెప్పడానికి హైదరాబాదు వెళ్తూ నన్ను తోడు రమ్మన్నారు. అది పెళ్ళిళ్ళ సీజను. "దుకాణం ఇడిసిపెట్టి ఎట్లొస్త సార్" అన్నాను. కాగితాల సంచి మోసుకుంటూ ఒక్కరే వెళ్ళారు. మర్నాడు తిరిగొచ్చి, సంచి మెట్లమీద పెట్టి అక్కడే కూర్చున్నారు.

"ఏమన్నరు సార్?"

"మబ్బును పట్టుకొని కొలుస్తరా అని నవ్విండ్రు. చాయ్ మాత్రం తాగిపిచ్చిండ్రు."

అయినా ఆయన ఆపలేదు. ఇంకో రెండు వానాకాలాల లెక్క కట్టి పోస్టులో పంపారు. చాన్నాళ్ళకు జవాబు వచ్చింది. ఆయన అనుమానం నిజమేనని, పాత అంకెలన్నీ సరిదిద్దామని, ఆ పల్లెల మీద రాసింది వెనక్కి తీసుకున్నామని ఉంది. ఆ సాయంత్రం నన్ను పైకి పిలిచి మూడుసార్లు చదివి వినిపించారు. నేను మిఠాయి తెప్పించాను. ఇద్దరమే తిన్నాం. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంటూ, "చెప్పుకోవాలంటే ఇంకెవరున్నరు!" అని నవ్వారు.

ఆ తరవాత పార్సిళ్ళు ఆగిపోయాయి. మబ్బుల లెక్క ఇప్పుడు ఆఫీసువాళ్ళే చూసుకుంటున్నారట. అది మంచిదే కదా అని నేననుకున్నాను. సార్ కూడా "మంచిదే" అన్నారు. కానీ ఎర్ర పెన్సిలు చెక్కుకొని, ఖాళీ బల్ల ముందు కూర్చొని ఉండటం నేను చూశాను. దుకాణానికి రావడం తగ్గించారు. వచ్చినా నా గిరాకీ చూసి గడప దగ్గరి నుంచే మళ్ళిపోయేవారు. ఒక్కసారైనా గల్లా వదిలి వెనకాల వెళ్ళి పిలవలేకపోయాను.

సోమవారం దవాఖానలో గుమాస్తా ఒక ఫారం నా ముందుకు జరిపాడు. చేరేరోజు సార్ తన చేత్తో నింపింది. పేరు, వయసు, మా దుకాణం అడ్రసు. దగ్గరి బంధువు అన్నచోట నా పేరు రాశారు. పక్కన ఏమవుతారు అన్న గడిలో 'ఇంటి ఓనర్' అని రాసి, మళ్ళీ కొట్టేశారు. కొట్టేసి, ఇంకేమీ రాయలేదు.

"ఆయనే అట్ల ఇడిసిపెట్టిండు. మీరు ఏమైతరో రాయుండ్రి" అన్నాడు గుమాస్తా.

కలం తీసుకున్నాను. నా వెనకాల లైను పెరుగుతోంది. "జర జల్ది కానియ్యి సేటూ" అని ఎవరో అంటున్నారు. ఆ కొట్టివేతకు పక్కన రెండు వేళ్ళంత తెల్లటి చోటు ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.