పలాగ్యా పెద్దమ్మ రొట్టె అచ్చు

మా చర్చిలో పూజరొట్టెలు కాల్చే పని విధవరాళ్ళది. పలాగ్యా పెద్దమ్మ నలభై ఒక్క ఏళ్ళు ఆ పని చేసింది. ఒక్క ఆదివారం కూడా తప్పలేదు.

ఆమె పుట్టిల్లు తీసా నదికి అవతలి ఒడ్డున. ఇక్కడికి కోడలిగా వచ్చిన కొన్నాళ్ళకే నది రెండు దేశాలకు సరిహద్దయింది. భర్త అడవిలో దుంగల కింద పడి చనిపోయేనాటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. అతను పోయిన నలభయ్యో రోజు ప్రార్థన దాటగానే, అంతవరకు రొట్టెలు కాల్చిన ముసలామె రొట్టె మీద క్రీస్తు పేరు వేసే చెక్క అచ్చు తెచ్చి చేతిలో పెట్టింది. తరవాత అవతల చెల్లెలు చనిపోతే సరిహద్దు సైనికులు వెళ్ళనివ్వలేదు. ఇవతలి గట్టున నిలబడి అవతలి చర్చి గంట విన్నదట. అది శనివారం. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని పిండి కలిపిందట.

నా భర్త గ్రిగోర్ నలభయ్యో రోజు కూడా దాటింది. మర్నాడు పెద్దమ్మ వచ్చి ఆ అచ్చు నా బల్ల మీద పెట్టింది.

"మణికట్లు పనిచెయ్యట్లేదే అనూత్సా. ఫాదరేమో రొట్టెలు టౌన్లో కొనుక్కొస్తానంటున్నాడు. కొట్లో రొట్టె మీద మా ఆయన పేరు చదివించనా?"

నేను దాన్ని ముట్టుకోలేదు. అచ్చు తీసుకుంటే గ్రిగోర్ లేడని ఒప్పుకున్నట్టే. అతని బూట్లు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి.

శనివారం అచ్చు తిరిగి ఇచ్చేద్దామని వెళ్ళాను. పెద్దమ్మ మోచేతులతో పిండి పిసుకుతోంది. పక్కింటి ఇల్కా కిటికీలోంచి చూస్తోంది. ఆమెది హంగేరీవాళ్ళ చర్చి.

"ఎందుకే పలాగ్యా ఈ అవస్థ? మా చర్చికొచ్చెయ్. అచ్చులూ వద్దు, ఉపవాసాలూ వద్దు. మామూలు రొట్టె కోసే కత్తొకటుంటే చాలు."

"మీ దేవుడికి తొందరెక్కువ. ఏది పెడితే అది తింటాడు."

"మీ దేవుడు మోచేతి పిండి తింటాడేంటి మరి?"

పెద్దమ్మ నవ్వబోయి ఆగి, మణికట్టు పట్టుకుంది. నేను అచ్చు పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాను.

నేను అచ్చు నొక్కిన మొదటి రొట్టె పొయ్యిలో పగిలింది. క్రీస్తు పేరు రెండు ముక్కలైంది.

"పుల్లతో గుచ్చలేదుగా, గాలెటు పోతుంది? నా మొదటిదీ అంతేలే. దీన్ని మనం తినేద్దాం."

ఇల్కాకూ ముక్క ఇచ్చింది. "ఉప్పు తక్కువైంది," అంది ఇల్కా. నాకు రుచేమీ తెలియలేదు.

ఆదివారం ఐదు రొట్టెలు గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను. ఫాదర్ చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతూ ఒక్కో పేరుకు రొట్టెలోంచి ఒక్కో చిన్న ముక్క తీశాడు. పెద్దమ్మ భర్త పేరు తరవాత గ్రిగోర్ పేరు వచ్చింది. ఆగకుండా తరవాతి పేరు చదివాడు.

ఈస్టర్ దాకా పెద్దమ్మ ప్రతి శనివారం వచ్చి, కుర్చీలో కూర్చుని నా చేతులే చూసేది. ఈస్టర్ దాటాక ఆమె చనిపోయింది. శుక్రవారం పాతిపెట్టాం. మర్నాడు గ్రిగోర్ బూట్లు కాస్త జరిపి, పిండి బస్తా లోపలికి లాక్కున్నాను. చేతులు కడుక్కుని ఐదు రొట్టెలకు పిండి కలిపాను.