పంటికింద గింజ

మా రాయికల్‌లో పక్కపొలం రైతు వడ్ల గింజ కొరికితే ఊరంతా ఊపిరి బిగబట్టేది. సరే, ఊరంతా కాదు, నేనొక్కణ్ణే. పంటికింద కటుక్కుమంటేనే వడ్లు ఎండినట్టు లెక్క అతనికి.

పంటలు వరుసగా దెబ్బతిని మస్కట్‌ పనికి పోతూ, “పొలం పడావు పెట్టకు కాకా, సాగు చెయ్యి” అని నాకప్పగించాడు. ఆ యాసంగి పంటకాలంలో బోరు ఎండిపోయింది; నేను నాటే వెయ్యలేదు.

కోతలనాడు ఫోన్ చేశాడు.

“వడ్లెట్లున్నయి కాకా?”

“ఇంటెత్తు కుప్ప పోసిన బిడ్డా!”

“ఒక్క గింజ కొరుకు, వింట.”

మా తిండికి ఉంచుకున్న వడ్లలోంచి ఒకటి తీసి ఫోను దగ్గర కొరికాను. కటుక్కుమంది.

“మంచిగెండినయి. పొలం పడావున్నదని మా ఇంటిది ఎప్పుడో చెప్పింది కాకా. ఇంకోటి కొరుకు.”