బాపు ప్రార్థనలో మొరంగడ్డ

ఆ రోజుల్లో మా వర్ధన్నపేట వైపు చలికాలం వచ్చిందంటే ఏ ఇంట చూసినా మొరంగడ్డలే. (పుస్తకాల్లో చిలగడదుంప అంటారు. మా ఇంట్లో ఆ పేరు చెబితే ఎవరో దూరపు చుట్టం అనుకునేవాళ్లు.) పొద్దున ఉడకబెట్టినవి, మధ్యాహ్నం కుమ్ములో కాల్చినవి, రాత్రికి ఆ మిగిలినవి. ఇంటికి ఎవరొచ్చినా ముందు వాటినే పెట్టేవాళ్లం. అప్పుడు నాకు పదిహేడేళ్లు. వరంగల్ దవాఖానలో నర్సు చదువుకు చేరాలని ఒకటే పిచ్చి. అందుకు అక్కడి డాక్టరమ్మ రాసిచ్చే ఉత్తరం కావాలి. ఆవిడ కచ్చురం బండి కట్టించుకుని ఊరూరా తిరిగి రోగులను చూసేది. ఆ రోజు ఆవిడ భోజనం మా ఇంట్లోనే. సరిగ్గా ఆ రోజే పిన్నికి నొప్పులొస్తున్నాయని అమ్మ పొరుగూరు పోయింది. వంట నా నెత్తిన పడింది.

డాక్టరమ్మ బండి దిగుతూనే అంది: "ఏం పెట్టినా తింట గని బిడ్డా, మొరంగడ్డ ఒక్కటి పెట్టకు. నాలుగు దినాల సంది ఏ ఊరికి పోయినా గదే. దాని మొఖం సూడబుద్ధయితలేదు."

పొయ్యి మీద ఉడుకుతున్నవి అవే. పొద్దున కడిగి కుండలో వేసింది మా బాపే, అంటే మా నాన్నే. ఇంట్లో ఇంకో కూరగాయ లేదు. గది మూలన మాత్రం చెల్కలోంచి తవ్వి తెచ్చిన గడ్డలు గుట్టగా ఉన్నాయి. ముందు ఆ గుట్ట మీద గొంగడి కప్పాను. ఆవిడ అరుగు మీద రోగుల నాలుకలు చూస్తుంటే, నేను లోపల గడ్డలకు వేషం కట్టడం మొదలుపెట్టాను. పొట్టు తీసి పప్పుగుత్తితో ఒక్క ఉండ మిగలకుండా మెదిపాను. తీపి దాగాలి కదా, పచ్చిమిర్చి, వెల్లుల్లి దంచి కలిపి నిమ్మకాయ పిండాను. పెరట్లో ఉన్న కొత్తిమీర, పుదీనా అంతా కోసుకొచ్చి సన్నగా తరిగి కలిపేసరికి గడ్డ రంగే కనపడకుండా పోయింది. మీద జీలకర్ర పోపు వేశాను.

"ఏం కూర బిడ్డా, గింత కమ్మటి వాసనొస్తాంది?"

"ఆకుల కూరేనమ్మా!" (అబద్ధం కాదు. ఆకులు ఉన్నాయి.)

బాపు చెల్క నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని నేరుగా పీట మీద కూర్చున్నాడు. చెవిలో ఒక్క మాట వేద్దామంటే సందు దొరకలేదు. కళ్లతో సైగ చేశాను. "కంట్ల నలుసు పడ్డదా బిడ్డా?" అని అడిగి, కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. మా బాపు అందరిలా ఒక్క మాటలో ముగించడు. పళ్లెంలో ఉన్న ప్రతిదానికీ పేరుపేరునా స్తోత్రం చెబుతాడు.

"ప్రభువా, ఈ జొన్నరొట్టెకు స్తోత్రం. ఈ ఎల్లిపాయ కారానికి స్తోత్రం. ఈ సల్లకు స్తోత్రం..."

బాపు నోరు అక్కడితో ఆపమని నేనూ దేవుణ్ణి వేడుకున్నాను. (మా ఇద్దరిలో ఆయన ఎవరి మాట వింటాడో ఆ రోజే తెలిసింది.)

"...మా చెల్కల పండిన మొరంగడ్డకు స్తోత్రం. దాన్ని గింత సక్కగ మెదిపిన నా బిడ్డ చేతులను దీవించు తండ్రీ. ఆమెన్."

మెల్లగా ఒక కన్ను తెరిచాను. డాక్టరమ్మ కూడా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తోంది. నా నర్సు చదువు కుమ్ములో కలిసిందనుకున్నాను. ఆవిడ రొట్టె తుంచి, కూర నంజుకుని తింది. ఇంకోసారి నంజుకుంది. తర్వాత గిన్నెనే తన వైపు లాక్కుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. (కొన్ని నీళ్లు పచ్చిమిర్చివి.)

"మీ బాపు చెప్పకుంటే గిది మొరంగడ్డని దేవునికి తప్ప ఎవ్వలకు తెల్వకపోతుండె! దవాఖానకొచ్చే రోగులంత గంజి వద్దు, మందు వద్దు అనేటోళ్లే. వద్దన్నదాన్ని కడుపునిండ తినిపించే పిల్లే నాకు కావాలె. కాయితం తే."

పట్టలేని సంతోషంతో కాయితం కోసం పరుగెత్తబోయి, మూలనున్న గొంగడి గుట్ట మీద కూలబడ్డాను. గడ్డలన్నీ దొర్లుకుంటూ ఆవిడ కాళ్ల దగ్గరికి చేరాయి.

రిటైరయ్యేదాకా ఎంతమందికి ఏమేం మాయచేసి తినిపించానో లెక్కలేదు. ఇప్పుడు నాకు సొరకాయ గిట్టదు. మా కోడలు దాన్ని మెత్తగా మెదిపి, కొత్తిమీర చల్లి, ఏమీ ఎరగనట్టు పళ్లెంలో పెడుతుంది. ఇంట్లో ప్రార్థన నాదే. బాపు లాగే అన్నిటికీ పేరుపేరునా స్తోత్రం చెబుతాను. సొరకాయ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఈ కూరకు" అని సరిపెడతాను. పాపం, ఆ పిల్ల ఒక కన్ను తెరిచి చూస్తూ ఉంటుంది.