దారి ఎట్లుంది పాపా

ప్రొద్దుటూరు ఆర్ట్స్ కాలేజీలో బి.కాం సీటు వచ్చింది మా అన్నకు, నాకు కాదు. నాకు దరఖాస్తే పెట్టలేదు. మేమిద్దరం ఇంటరు ఒకే ఏడాది గట్టెక్కాం. నేను మొదటి దెబ్బకే, అన్న రెండో దెబ్బకు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. సీటు వచ్చిన రోజు అన్నకు కొత్త చొక్కా కుట్టించారు, నేను గొర్రెపిల్లలకు పాలు పట్టిస్తూ ఉన్నాను.

మా ఊరు జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే దారిలో ఉంది. మాకూ ప్రొద్దుటూరుకూ మధ్య ఒక ఊరు, అది వేరే పార్టీ ఊరు. పార్టీ అంటే జెండాలూ గుర్తులూ తర్వాతి మాట. మా తాత ఏ పెద్దమనిషి చేలల్లో గొర్రెల మంద తోలాడో, ఆయన పార్టీయే మా పార్టీ. మమ్మల్ని అడిగి చేర్చుకున్నవాళ్ళెవరూ లేరు.

కాలేజీ తెరిచిన రెండో వారంలో ఒక మనిషి పోయాడు. పోయినతను వాళ్ళ పార్టీ, చంపింది మా పార్టీ. ఆ మరుసటి రోజు నుంచి ఆ ఊరి టీ బంకు దగ్గర బస్సు ఆగితే చాలు, నలుగురు ఎక్కి ఒక్కో సీటూ చూసి దిగేవాళ్ళు. మా ఊరి మగవాళ్ళు రోడ్డెక్కడం మానేశారు. ఆడవాళ్ళ జోలికి పోకూడదనేది మాత్రం రెండు పార్టీలూ ఒప్పుకున్న ఒకే ఒక్క మాట. దాంతో బ్యాంకుకూ ఆసుపత్రికీ ఎరువుల అంగడికీ అందరం ఆడవాళ్ళమే. సంతకం కూడా రాని మా అమ్మ, జమ్మలమడుగు కోర్టులో ఏ గది ఎక్కడుందో గుమాస్తాల కంటే బాగా చెప్పేది.

నన్ను కాలేజీకి పంపమన్నది అన్నే.

"పాపను పంపు నాయనా. ఆడ ఇనొచ్చి ఈడ నాకు చెప్తాది. దారి బాగైనాక నేను పోతా."

మా నాయన మూడు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ నా వైపు తిరిగి అన్నాడు. "దారి తెరుచుకునేదాకానే. యాపొద్దు దారి బాగైతే ఆపొద్దు వాడు పోతాడు, నువ్వు ఇంటికాడుండాల." సీట్లు ఇంకా మిగిలే ఉండటంతో కాలేజీవాళ్ళు నన్ను చేర్చుకున్నారు.

ఆ కాలేజీని తలచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది వాసన. పత్తి మిల్లుల నుంచి, నూనె మిల్లుల నుంచి గాలి తిరిగితే క్లాసంతా వేరుశనగ నూనె వాసన. మధ్యాహ్నం సన్నటి పత్తి నూగు వచ్చి నోటుబుక్కు మీద వాలేది. బి.కాం లో ఆడపిల్లలం ఆరుగురం. ఇద్దరు బంగారం అంగళ్ళవాళ్ళ పిల్లలు, ముగ్గురు మగ్గాల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, గొర్రెల ఇంటి నుంచి నేను. మధ్యాహ్నం గేటు ముందు కారం దోశ తెప్పించుకుని ఆరు ముక్కలు చేసుకునేవాళ్ళం. అంత రుచి తర్వాత నేను ఏ హోటల్లోనూ చూడలేదు.

తెలుగు, ఇంగ్లీషు, చరిత్ర క్లాసులకు బి.ఏ.వాళ్ళతో కలిసి కూర్చునేవాళ్ళం. ఇంగ్లీషు సారు కోస్తా మనిషి. ఒకసారి ఆయన క్లాసు వదిలి బయటికి వస్తుంటే, మర్యాదగానే, "యాడికి పోతాండారు సార్?" అని అడిగాను. ఆయన ఆగిపోయి, "నా మీద ఎందుకమ్మా అంత కోపం?" అన్నాడు. ఏడాది తిరిగేసరికి ఆయన కూడా ప్యూనును "యాడికి పోయినావప్పా" అని అడగడం మేం చెవులారా విన్నాం.

కామర్సు సారుది పులివెందుల వైపు. సుద్దముక్క పట్టుకుంటే గంట కొట్టినా వినపడేది కాదు ఆయనకు. జంట పద్దు విధానం చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అని రెండు ప్రశ్నలు వేసుకుంటే దేన్నైనా విప్పవచ్చన్నాడు. నాకు అంతవరకు ఏ చదువూ అంత నచ్చలేదు. లెక్క రెండు వైపులా సరిపోతే ఒళ్ళంతా తేలికయ్యేది. ఇలాంటి సుఖం లోకంలో ఉందని మా ఊళ్ళో ఎవరికీ తెలియదే అని గర్వంగా కూడా ఉండేది.

సాయంత్రం ఇంటికి రాగానే మిద్దె మీద అన్నకు పాఠం. చాప వేసుకుని, పుస్తకం మధ్యలో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. అన్న నిదానస్తుడే గానీ మొండివాడు. రెండు వైపులా సరిపోకపోతే తేడాను అనామతు ఖాతాలో పెడతారని చెప్పినప్పుడు పడీపడీ నవ్వాడు. "మన ఊరి తేడాగూడా తీస్కపోయి దాంట్లో పెట్టమను మీ సారును" అన్నాడు. ఆ మిద్దె మీది సాయంత్రాలంత మంచివి నా బతుకులో మళ్ళీ రాలేదు. చెప్పేటప్పుడే నాకు పాఠం నిజంగా వచ్చేది.

అయితే మిద్దె ఎక్కేముందు ఒక పని ఉండేది. మా నాయన వసారాలో మంచం మీద కూర్చుని నాకోసం చూస్తుండేవాడు.

"దారి ఎట్లుంది పాపా?"

"ఉండారు నాయనా. నలుగురు ఎక్కి చూసినారు."

మొదటి ఏడాదంతా అది నిజమే. రెండో ఏడు వచ్చేసరికి నలుగురు ఇద్దరయ్యారు. ఆ ఇద్దరూ బస్సెక్కడం మానేసి బెంచీ మీద నుంచే చూసేవాళ్ళు. పత్తి తీతలప్పుడు ఒక పొద్దున వాళ్ళలో ఒకడు బస్సెక్కాడు. నేను పుస్తకాలు ఒళ్ళోకి లాక్కున్నాను. వాడు కడుపుతో ఉన్న తన చెల్లెల్ని ఎక్కించడానికి వచ్చాడు. "రోంత జరుగమ్మా" అని నా పక్కనే కూర్చోబెట్టి దిగిపోయాడు. మరుసటి రోజు నుంచి బంకు దగ్గర ఎవరూ లేరు.

ఆ సాయంత్రం మా నాయన అడిగాడు. "ఉండారు నాయనా" అన్నాను.

ఆ వారమే కామర్సు సారు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి కంపెనీ లెక్క చేయించాడు. మూడో ఏడు అంతా ఇవే ఉంటాయన్నాడు. నాకు ఆ మూడో ఏడు కావాలి. మరుసటి రోజూ ఉన్నారనే చెప్పాను, ఆ మరుసటి రోజూ అంతే. మధ్యాహ్నం బస్సుకు పోయే ఆడవాళ్ళు బంకు దగ్గర తమకెవరూ కనపడలేదంటే, పొద్దున కాలేజీ వేళ బస్సుకే కాపు కాస్తున్నారని అల్లాను. ఒక్కగానొక్క కొడుకు కాబట్టి మా నాయన నమ్మాడు. అన్న విని గొర్రెల దొడ్లోకి పోయేవాడు. సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది గానీ, ఆ రోజుల్లో నాకు సిగ్గు కంటే దారి తెరుచుకుందని తెలిసిపోతుందేమోనన్న భయమే ఎక్కువ. అలా ఏడాది గడిపాను.

తర్వాత ఎన్నికలొచ్చాయి. ఒకరి నీడ ఒకరు తొక్కని రెండు పార్టీల పెద్దమనుషులూ ఒకే జెండా కిందికి చేరి, ఒకే జీపులో నిలబడి దండాలు పెట్టారు. పై వాళ్ళు కలిస్తే కింది వాళ్ళు కలవక తప్పదు. రాజీ అయింది. మాట ప్రకారం ఆ ఊరి మగవాళ్ళు మా వీధిలో అన్నానికి వచ్చారు. మా వసారాలో పదిమంది కూర్చున్నారు. సంగటీ పొట్టేలు కూరా నేనే వడ్డిస్తున్నాను.

మా నాయన సంతోషంగా ఉన్నాడు. "ఇంగ మావోడు కాలేజీకి పోతాడు" అన్నాడు వాళ్ళ పెద్దాయనతో.

ఆయన ముద్ద ఆపి, "ఇన్నాళ్ళూ యాల పంపలేదప్పా? మేం బస్సులు చూసేది మానుకోని ఏడాదైపాయ" అన్నాడు.

మా నాయన నా వైపు చూశాడు. నేను కూర గిన్నెలోకి చూశాను. అన్నకు అంతవరకు ఏమీ తెలియదు. గోడకానుకుని నిలబడి ఉన్నాడు, నా మొహం చూశాడు, అంతా అర్థమైంది వాడికి.

"పాపదేం లేదు నాయనా. నాకే భయమై అట్ల చెప్పమన్న్యా" అన్నాడు.

పదిమందీ నవ్వారు. మా పార్టీవాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. మా ఊళ్ళో మగవాడు హత్య చేశాడన్నా తలెత్తుకు తిరగగలడు, భయపడ్డాడంటే మాత్రం తిరగలేడు. నిజం చెప్పడానికి నాకు అప్పుడు ఒక్క మాట చాలు. పరీక్షలు గుర్తొచ్చాయి. పక్క విస్తరిలో కూర వడ్డించాను.

"వీనికింగ చదువెందుకు. ఆ పాపనే పోనీ" అన్నాడు మా నాయన. అన్నతో ఆయన ఆ ఏడాదంతా మాట్లాడలేదు. అన్న మంద వెంట పోయాడు. ఊళ్ళో పిరికోడనే పేరు స్థిరపడింది. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరో ఆ పేరుతోనే పిలిచారు.

రాజీ తర్వాతి ఎన్నికల దాకా కూడా నిలవలేదు, మళ్ళీ మనుషులు పోవడం మొదలైంది. అప్పటికి నేను పులివెందులలో ఒక కాలేజీలో కామర్సు చెప్పడానికి చేరిపోయాను. ఇన్నేళ్ళలో అన్న ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. మొన్న పచ్చిశనగ కట్ట ఒకటి తీసుకుని మా ఇంటికి వచ్చాడు. ఇద్దరం వసారాలో కూర్చుని కాయలు ఒలుచుకుంటున్నాం. నేనే అన్నాను.

"ఊర్లో అందరికీ నిజం చెప్తా అన్నా. నిన్ను ఇంగా పిరికోడనే అంటాండారు."

అన్న ఇంకో కాయ ఒలిచాడు.

"చెప్పాకు పాపా. పిరికోడని పేరు పడినాక నన్ను ఏ గలాటాకూ ఎవురూ పిలువల్యా. నా ఈడోళ్ళు మన ఈదిలో ఎంతమంది మిగిలినారో లెక్కేసుకో."

వీధి మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాను. నాలుగో ఇంటి దాకా ఒక్కరూ లేరు. అక్కడ ఆపేశాను.