గంజి దారం, ఆటోమేటిక్ కొళాయి

పోయిన దసరాకి మా ఆవిడ పద్మ కట్టుకున్న గులాబీ రంగు చీర గురించి ఎమ్మిగనూరులో మా వీధి వీధంతా అడిగింది. ఆ రంగు వేసింది నేనే. ఎట్లా వేశానో చెబుతాను, టీ చల్లారేలోపు అయిపోతుంది.

మాది గుంత మగ్గం. గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాక మళ్ళీ లేవాలంటే నాకు ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఇల్లంతా దారాలు కట్టేశాను. ఒకటి లాగితే వాకిలి గడియ ఊడుతుంది. ఇంకోటి లాగితే రేడియో ఆగుతుంది. మూడోది లాగితే వంటింట్లో సైకిల్ బెల్లు మోగుతుంది, అంటే నాకు టీ కావాలని. ఆ బెల్లు మోగినప్పుడల్లా పద్మ ఏమనేదో మీకు చెప్పను.

అట్లా ఉండగా ఒకసారి ఆదోనిలో మా మామ పని చేసే పత్తి మిల్లుకి పోయాను. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయింది. అది చూశాక ఇక నా మనసు ఆగలేదు. మాకు కొళాయి నీళ్ళు దినం విడిచి దినం వస్తాయి, ఏ వేళకో ఎవరికీ తెలియదు. పద్మ కండెలు చుడుతూ ఒక చెవి అటే పెట్టుకుని ఉండాలి.

నేను చేసింది ఇంతే. మా కొళాయి పిడిని కిందికి లాగితే మూసుకుంటుంది. ఆ పిడికి దారంతో ఒక ఖాళీ నూనె డబ్బా వేలాడదీశాను. తొట్టి నిండి పొర్లిన నీళ్ళు డబ్బాలో పడతాయి, డబ్బా బరువెక్కి పిడిని లాగుతుంది, కొళాయి బంద్. దారం మన నూలే. పన్నెండు పోగులు కలిపి పేని, గంజి పట్టించాను. నెల రోజులు ఒక్కసారి కూడా తప్పలేదు. డబ్బా కుమ్మరించి పిడి పైకెత్తి పెట్టడమే నా మెయింటెనెన్స్. వీధిలోవాళ్ళు వచ్చి చూసేవాళ్ళు, నేను విసుక్కోకుండా చూపించేవాణ్ణి.

అప్పుడు మగ్గం మీద ఉన్నది చేనేత సొసైటీ చీర కాదు. పెళ్ళయిన పదేళ్ళలో నేను నేసిన చీర పద్మ ఒక్కటీ కట్టలేదు. నేసిందంతా సొసైటీకే పోయేది. ఈసారి దసరాకి నీకేనని మాటిచ్చి, తెల్ల చీరకి ఎర్ర అంచు వేశాను. ఇంక మూరెడు నేస్తే చీర మగ్గం దిగుతుంది.

ఆ సమయంలో మరదలి కొడుకు నామకరణం వచ్చింది. కొళాయి పిడి పైకెత్తి పెట్టి, ఇంటికి తాళమేసి, ఇద్దరం ఆదోనికి పోయాం. మూడో రోజు భోజనాలయ్యాక చుట్టాలందరి ముందు మొదలుపెట్టాను.

"నీళ్ళు అవే వస్తాయి, అవే ఆగుతాయి మామా. మనిషితో పనే లేదు."

మామ మిల్లులో చేరకముందు మగ్గం మీద బతికినవాడు. "దారం ఎన్ని దినాలకు మారుస్తాండావప్పా?" అన్నాడు.

"మార్చేదేముంది? నెల నుంచి అదే."

"గంజి నీళ్ళల్లో నిలబడదు కదా."

"మా దారం నిలబడింది మామా" అని నవ్వాను.

వక్కలు పంచుతున్న పద్మ ఆగింది. "నిలబడలే. నీళ్ళొచ్చిన ప్రతిసారీ విప్పి, గంజి పెట్టి, ఎండేసి నేనే కడతాండా."

"నాకు సెప్పలేదే?"

"పడుగుకు పెట్టేటప్పుడు దానికీ ఇంత పూస్తాండా. అది సెప్పేంత పనా?"

"మరి మొన్న?"

"మొన్న ఊరికొచ్చే తొందరలో గంజి పెట్టలే. మెత్తగా ఉన్నా అట్నే కడితిని." "ఈ పొద్దు నీళ్ళ దినం" అంది.

మామ "మూడు గంటలకు బస్సుంది" అన్నాడు.

మేం వచ్చేసరికి పక్కింటి రామన్న మా గడప ముందు నిలబడి ఉన్నాడు. తలుపు కిందనుంచి నీళ్ళు వస్తున్నాయి.

"పొద్దున్నుంచి ఇట్నే వస్తాండాయప్పా" అన్నాడు.

"తాళం పగలగొట్టేది కాదా అన్నా?"

"ఇది గూడా నీ ఆటోమేటిక్‌లోదే అనుకుంటిమి."

లోపల దారం పిడి దగ్గర రాపిడికి తెగి ఉంది. డబ్బా కింద దొర్లుతోంది. గంజి లేని నూలు రాపిడికి తెగుతుందని నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. మా ఇంట్లో అన్నిటికన్నా పల్లం మగ్గం గుంతే, అది నిండిపోయింది. నేసిన బట్ట చుట్టుకునే కర్ర గుంత అంచునే ఉంటుంది కదా, అదీ మునిగింది. అంచు ఎరుపు దిగి తెల్ల చీరంతా పాకింది.

నేను గుంత గట్టున కూలబడ్డాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. పదేళ్ళకి ఒక్క చీర, దాన్నీ నేనే ముంచాను. పద్మ తిట్టి ఉంటే బాగుండేది. తను కర్ర మీంచి చీరని విప్పి వెలుతురుకి పట్టి చూసింది.

"మిగిలిన మూరెడూ నెయ్యి. అది గూడా ముంచుదాం, అంతా ఒక రంగుంటుంది" అంది.

దసరానాడు అదే కట్టుకుంది. వీధిలో ఆడవాళ్ళు చుట్టుముట్టారు. "ఈ రంగు యాడ వేయించినావక్కా?"

"ఆటోమేటిక్" అంది పద్మ, నావైపు చూడకుండానే.

ఇంట్లో దారాలన్నీ నేనే పీకేశాను. ఇప్పుడు ఒక్కటే ఉంది, పద్మ కట్టింది. వంటింట్లో లాగితే మగ్గం దగ్గర సైకిల్ బెల్లు మోగుతుంది. మోగగానే నేను గుంతలోంచి లేచి వెళ్ళి కొళాయి కట్టేయాలి. ఇప్పటిదాకా అది ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు.